కాకిలెక్కలా, అంకెల గారడీయా?

అమెరికా బేస్‌బాల్ మీద వ్యాసం రాస్తున్నాను. అక్కడి పాతతరం క్రీడా విలేకరులకు కొత్తరకం గణాంకాలంటే ఒళ్లుమంట. వాళ్ల ఎత్తిపొడుపుకు ‘కాకిలెక్కలు’ అని రాశాను. మా ఎడిటర్ గారు ‘అంకెల గారడీ’ అని మార్చారు. ఏది నయమంటారు?

— కాకిలెక్కలు కుదరదండీ. ఊళ్లో కాకులెన్ని అని రాజు అడిగితే నోటికొచ్చిన సంఖ్య చెప్పి, తేడా వస్తే ‘చుట్టాలొచ్చాయి, ఊరెళ్లాయి’ అన్న కథే కదా. అసలు లెక్కపెట్టకుండా చెప్పేది కాకిలెక్క. ఈ కొత్తరకం గణాంకాలకు బాట వేసిన బిల్ జేమ్స్ మీద ఆ నింద ఎలా వేస్తాం? కాన్సస్‌లో బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ, పేపర్లో వచ్చిన స్కోరు పట్టికలు ముందేసుకుని కూడికలు కూడినవాడు. 1977లో తన మొదటి పుస్తకం తనే అచ్చేసుకున్నాడు. మీ ఎడిటర్ గారి మాటే మేలు. బడ్జెట్ రోజున ప్రతిపక్షం అనేది అదేగా: అంకెలు సరే, చూపించిన తీరులోనే మోసం అని.

— నాకు గారడీ కూడా నచ్చలేదు. 2007లో న్యూయార్క్ టైమ్స్‌లో పాతతరం విలేకరి ముర్రే చాస్ ఏమన్నాడు? ‘వోర్ప్’ అనే కొత్త కొలత అంటే ఏమిటో తనకు తెలియదన్నాడు. ఇలాంటి కొలతలు ఆటలోని మనిషితనాన్ని, చూసేవాళ్ల సరదాను పాడుచేస్తాయన్నాడు. ఇందులో మోసం అన్న ఆరోపణ ఎక్కడుంది?

— లేదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లకు లెక్కలే గిట్టవని మాత్రం రాయకండి. బేస్‌బాల్‌లో స్కోరు పట్టికను, బ్యాటింగ్ సగటును పాతుకునేలా చేసిన హెన్రీ చాడ్విక్ విలేకరే, అంతకుముందు క్రికెట్ వార్తలు రాసేవాడు. పిచర్లకు, అంటే బంతి విసిరేవాళ్లకు, ఆట చివర్లో ఆధిక్యం కాపాడినందుకిచ్చే ‘సేవ్’ అనే లెక్క షికాగో విలేకరి జెరోమ్ హోల్ట్స్‌మన్ పుట్టించినది, 1969లో అధికారికమైంది. తమవాళ్లు పెట్టిన లెక్క ఆటలో భాగమట, బయటివాడు పెడితే ఆటకు చేటట!

2012 అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు ఓటింగ్ చూడండి. సగటు .330, హోమ్ రన్లు 44, ఆర్‌బీఐలు (తన బ్యాటింగుతో జట్టుకు తెచ్చిన పరుగులు) 139, మూడింటిలోనూ మిగెల్ కబ్రేరాయే మొదటివాడు. 1967 తర్వాత ఎవరికీ దక్కని ఘనత అది. బ్యాటింగుతో పాటు ఫీల్డింగునూ, బేసుల మధ్య పరుగెత్తడాన్నీ కలిపి కొలిచే ‘వార్’ అనే కొత్త లెక్క ప్రకారం కుర్రాడు మైక్ ట్రౌట్ చాలా ముందున్నాడు. విలేకరుల 28 మొదటి స్థానపు ఓట్లలో 22 కబ్రేరాకే పడ్డాయి. కబ్రేరా వైపు వాదించినవాళ్లు చూపించినవీ అంకెలే కదా! పైగా ఆ ఆర్‌బీఐలు, ముందు ఆడినవాళ్లు బేసుల మీద ఉంటేనే దండిగా వస్తాయి. అదంతా ఒక్కడి గొప్పగా రాసుకోవడం నాకైతే ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.

— అందరినీ ఒకే గాటన కట్టకండి మాస్టారూ. పిచర్‌ను గెలుపోటములతో తూచడం పాత పద్ధతి. అయినా 2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలిచి 12 ఓడినా, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. 28లో 21 మొదటి ఓట్లు. వేసింది కూడా విలేకరులే.

— అదీ నిజమే. అందుకే అడుగుతున్నా, ఈ మాట మీ వ్యాసంలో ఎవరి నోట వస్తోంది?

— చాస్ నోటేనండీ, ఆ 2007 ముక్క గురించే.

— అయితే కాకులూ వద్దు, గారడీ వద్దు. ‘ఈ లెక్కల గోల మాకెందుకు?’ అని రాసేయండి. ఎడిటర్ గారు గారడీయే ఉండాలంటే శీర్షికలో పెట్టుకోమనండి.