కింద మడిగెలు, పైన ఇల్లు: మెట్లు ఎక్కడ పెట్టాలి?

నల్గొండ_150గజాలు:
తూర్పు ముఖం ప్లాటు, రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45. కింద మడిగెలు (దుకాణాల గదులు), మొదటి అంతస్తు ట్యూషన్‌కో ఆఫీసుకో కిరాయికి ఇచ్చి, పైన మేముందామనుకుంటున్నాం. రోడ్డు వైపంతా మూడు షటర్లు రావాల్సిందే, మెట్లు వెనకకు జరపమంటాడు నాన్న. ఇట్లా కట్టుకుని ఉంటున్నవాళ్లు చెప్పండి.

పాలమూరు_పైఅంతస్తు:
వెనక మెట్లు మాత్రం వద్దు తమ్మీ. మాకు అట్లే ఉన్నాయి. రాత్రి షటర్లు దించాక పక్క సందులోంచి చీకట్లో పోవాలి, కరెంటు పోయిన రోజు ఆడపిల్లలు ట్యూషన్ నుంచి దిగాలంటే మేమే టార్చి పట్టుకుని నిలబడతాం. ఇంకోటి, కిరాయి ఎక్కువిస్తానంటే టిఫిన్ సెంటర్‌కు ఇచ్చాం, తెల్లారి నాలుగున్నరకే గ్రైండర్ మొదలు, మంచం కింద గుర్రుమంటుంది. మొదటి అంతస్తు బాత్రూం సరిగ్గా మడిగె మీద పడటంతో నీళ్లు కారి బట్టల షాపు సరుకు తడిసింది, ఆ నెల కిరాయి వాళ్లకే వదిలేశాం. బాత్రూంలన్నీ ఒకదాని మీద ఒకటి వెనక మూలకు పెట్టుకోండి.

సైట్_ఇంజనీర్:
30 అడుగులూ చేతికి రావు. ఈ సైజు ప్లాటుకు రెండు పక్కలా మీటరు చొప్పున వదలాలి, మిగిలేది 23 అడుగుల చిల్లర. ఒక చివర నాలుగడుగుల మెట్లు రోడ్డు మీదికే పెట్టి రెండు షటర్లతో సరిపెట్టుకోండి, మూడు పెడితే బండి కూడా ఎక్కని గూళ్లవుతాయి. ఎత్తు 10 మీటర్లు దాటకూడదు, అంటే 32 అడుగుల 9 అంగుళాలు. మడిగెకు 12, పైన రెండింటికీ పదిన్నర చొప్పున వేస్తే అక్కడే 33 అయిపోయింది, అరుగు, అంటే రోడ్డు నుంచి మడిగె గచ్చు దాకా ఉండే ఎత్తు, ఇంకా లెక్కలోకే రాలేదు. అరుగు ఒకటిన్నర, మడిగె 11, పైవి పదేసి పెట్టండి. అరుగు తగ్గించొద్దు, కొత్తగా వేసినప్పుడల్లా రోడ్డు పైకి లేస్తుంది, మొదటి వానకే నీళ్లు లోపలికొస్తాయి. దుకాణాలుంటే ఆన్‌లైన్‌లో ఇంటికి వచ్చినంత వెంటనే పర్మిషన్ రాదు, అధికారులు చూసి ఇచ్చే సింగిల్ విండోలో పోతుంది. మడిగెలకు కమర్షియల్ మీటర్లు వేరేగా పెట్టండి, ఇంటి మీటర్ నుంచి వైరు లాగితే దొరికిపోతారు.

నల్గొండ_150గజాలు:
23 అడుగులంటే నాన్న నమ్మట్లేదు అన్నా, పక్కింటాయన గోడ దాకా కట్టాడు కదా అంటున్నాడు. రేపు టేపు పట్టుకుని ప్లాటు మీదికే తీసుకుపోతా.

పాలమూరు_పైఅంతస్తు:
పోయినప్పుడు మెట్ల జాగా సున్నంతో గీసి చూపించు, బీరువా ఎట్లా పైకెక్కుతుందో అక్కడే తెలుస్తుంది. మాది తాళ్లు కట్టి బాల్కనీలోంచి లాగాం.