'ఆంబిసెన్స్'ను 'ద్వ్యర్థి' అనవచ్చా?

ప్రశ్న: వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ మీద వ్యాసం రాస్తున్నాం. దాని ఆర్‌ఎన్‌ఏని ఆంబిసెన్స్ అంటారు కదా, 'ద్వ్యర్థి ఆర్‌ఎన్‌ఏ' అంటే బాగుంటుందా?

జవాబు: వద్దండీ. ఇక్కడ సెన్స్ అంటే అర్థం కాదు, చదివే దిశ; ఆంబి అంటే రెండు వైపులా. ద్వ్యర్థిలో అవే అక్షరాలు రెండు అర్థాలిస్తాయి. ఈ వైరస్‌కున్న మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో చిన్నదాన్ని చూడండి, సుమారు 3,050 అక్షరాలు (ఏ, యు, జి, సి అనే రసాయన భాగాలు). ఎడమ కొస నుంచి మధ్యకు ఎన్‌ఎస్‌ఎస్ అనే జన్యువు, కుడి కొస నుంచి మధ్యకు ఎన్ అనే జన్యువు. ఎన్ ఈ ఆర్‌ఎన్‌ఏ పోగులో తిరగబడి ఉంటుంది, పూరక ప్రతి (జత అక్షరాలతో ఎదురు దిశలో తయారయ్యే నకలు) తీస్తేనే చదవవస్తుంది. అందుకే ఎన్ సందేశం (ప్రోటీన్ తయారీకి కణం చదివే ఆర్‌ఎన్‌ఏ నకలు) ముందు తయారవుతుంది. ఎన్‌ఎస్‌ఎస్ సందేశానికి మాత్రం పోగు మొత్తానికీ పూరక ప్రతి తయారై, దాని మీంచి మళ్ళీ నకలు దిగాలి. రెండు జన్యువుల నడుమ ఏ, యు అక్షరాలు దట్టంగా ఉన్న ఖాళీ చోటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కవు. నేనైతే 'ఎదురెదురు పోగు' అంటాను.

మరో జవాబు: శ్లేషకు సరైన చోటు వేరే ఉంది. 'వానరాలేదు' అన్నదాన్ని 'వాన రాలేదు' అనీ, 'వానరా, లేదు' అనీ విరవవచ్చు. అచ్చమైన సభంగశ్లేష. టర్నిప్ ఎల్లో మొజాయిక్ వైరస్ చేసేదీ ఇదే. 88వ అక్షరం దగ్గరి ఏయూజీతో (ప్రోటీన్ చదవడం ఎక్కడ మొదలో చెప్పే మూడక్షరాల గుర్తు) మొదలుపెట్టి మూడేసి విరిస్తే, వైరస్‌ను కణం నుంచి కణానికి దాటించే ప్రోటీన్. 95వ దగ్గరి ఏయూజీతో మొదలుపెడితే నకళ్ళు తీసే పెద్ద ప్రోటీన్. తేడా ఏడు అక్షరాలు, మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది, అందుకే విరుపు మారింది. 'ద్వ్యర్థి' మాటను దీనికోసం దాచండి.

ప్రశ్న: మా వేరుశనగ వైరస్‌లో పెద్ద ముక్క మొత్తం ఒకే దిశ. దాన్ని 'రుణాత్మక' అనే రాశాం.

జవాబు: 'రుణదిశ' అనండి. 'రుణాత్మక' అంటే విద్యుదావేశం అనుకుంటారు, ఫాస్ఫేట్ల వల్ల ఆ ఆవేశం ఏ ఆర్‌ఎన్‌ఏకైనా ఉంటుంది. దిశ తప్పితే ల్యాబ్‌లోనూ దెబ్బే. ఎన్ జన్యువుకు రివర్స్ ప్రైమర్ (సందేశానికి పూరకంగా ఉండే చిన్న డీఎన్‌ఏ తునక) ఒక్కటే వేసి సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసే డీఎన్‌ఏ నకలు) తీస్తే ఆ ప్రైమర్ సందేశ ఆర్‌ఎన్‌ఏకూ, పోగు పూరక ప్రతికీ అతుక్కుంటుంది, వైరస్ అసలు పోగుకు అతుక్కోదు. ఆకు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో సందేశం కూడా ఉంటుంది కాబట్టి పరీక్షలో బ్యాండ్ (ఫలితం చూపే గీత) వస్తుంది, తప్పు బయటపడదు. అసలు పోగును లెక్కించాలంటే ఆ మెట్టులో ఫార్వర్డ్ ప్రైమరే (సందేశం దిశలోనే ఉండేది) వేయాలి. ఎన్‌ఎస్‌ఎస్‌కు దీనికి తలకిందులు, అక్కడ రివర్సే.