సెల్లార్‌లో కట్టెల పొయ్యి: పొగగొట్టం ఎటు తీయాలి?

సీతమ్మధార_కొండవాలు
విశాఖలో మా ఇల్లు వాలు మీద ఉంది. వీధిలోంచి రెండంతస్తులు, వెనక నుంచి మూడు. ఆ కింది సెల్లార్‌లో ఇనుప కట్టెల పొయ్యి పెట్టి, కార్తీక మాసంలో దిగే చుట్టాలకు వేడినీళ్లు, పెద్ద వంటలు అక్కడే కానిచ్చేయాలని ఆలోచన. గొట్టం వెనక గోడలోంచి బయటికి తీయాలా, ఇంట్లోంచే డాబా మీదికి తీసుకెళ్లాలా? ఏ రేకు మంచిది? పొయ్యి కింద ఏం పరవాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

లాసన్స్‌బే_నివాసి
రేకు సంగతి నన్నడగండి. జింకు పూత గొట్టం బిగించిన మేస్త్రి పదేళ్లు ఢోకా లేదన్నాడు. కొద్దికాలానికే అతుకు దగ్గర వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలింది. పైన వర్షం ఆపే టోపీ అయితే ముందే ఊడిపోయింది. మన ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప ఏదీ ఆగదు.

ఉక్కునగరం_విశ్రాంత
స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు నాయనా, ఏ రకం? 304 కొంటే సముద్రపు ఒడ్డున గోధుమరంగు మచ్చలు తప్పవు. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ అనే లోహం ఉంటుంది. ఉప్పును ఎదిరించేది అదే. నా ఉద్యోగమంతా లోహాలతోనే గడిచింది. ఈ విషయంలో నాతో వాదన అనవసరం.

లాసన్స్‌బే_నివాసి
వాదన కాదు సార్, మా గొట్టం 304. అద్దంలా ఉంది. వచ్చి చూడండి.

ఉక్కునగరం_విశ్రాంత
ఎప్పుడు వేయించారు? నిన్ననా?

తాపీ_పనివాడు
మీ రెండు నంబర్లకూ దండం. మా పాత ఇంటి ఇటుక పొగగొట్టం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెక్కుచెదరలేదు. ఆ రోజు మీ స్టీలు గొట్టాలు ఎవరి పెరట్లో పడ్డాయో!

లాసన్స్‌బే_నివాసి
ఇటుకవీ కూలాయి. మా సందులో ఒకటి కారు మీదే పడింది. తెలియకుండా మాట్లాడకండి.

గాజువాక_గీజరు
316 ధర కనుక్కున్నారా ఎవరైనా? ఆ డబ్బుతో రెండు గీజర్లు వస్తాయి.

తాపీ_పనివాడు
గీజరులో పులిహోర వండుతారా?

మధురవాడ_లక్ష్మి
లోహాల పంచాయతీ ఆపి ఒక మాట చెప్పండి. ఆ సెల్లార్‌లో స్కూటర్లు పెడతారా? పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల వెంబడి పాకుతుంది. వంటగ్యాసూ అంతే. గొయ్యిలాంటి చోట అది చేరి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెళ్లి వంటకు పొయ్యి రాజేయబోతే నేను గొడవ పెట్టుకుని ఆపించాను. ఇప్పటికీ ఆ ఇంటివాళ్లు నాతో మాట్లాడరు. మాట్లాడకపోతే పోనీ.

ఉక్కునగరం_విశ్రాంత
అమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి తోడు నిప్పుల్లోంచి వచ్చే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్. ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఐదో వంతు పైచిలుకు అదే ఉంటుంది కనుక, మేము అలారం జేబుకు తగిలించుకోకుండా ఆ ఛాయలకు పోయేవాళ్లం కాదు. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వస్తే ఎండదెబ్బ అనుకుంటారు. నిప్పులు ఉండగా కిటికీ మూసి పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. అలారం కొని గోడకు బిగించండి, మిగతాది తరవాత.

అరకు_అల్లుడు
అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు! గొట్టం ఇంట్లోంచే నిటారుగా తీయండి. గోడలోంచి తీస్తే రెండు వంపులు వస్తాయి, బయట గొట్టం చల్లారుతుంది, పొగ లాగదు. కప్పు దాటే చోట చుట్టూ ఖాళీ వదిలి తీయాలి, పక్కన చెక్క బీరువాలు ఉండకూడదు. కప్పు మీద 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న గోడకన్నా, ట్యాంకుకన్నా 2 అడుగులు ఎత్తుండాలి. అమెరికాలో మా తమ్ముడి ఇంటికి ఇదే లెక్క పెట్టారు. ఇంకో చిక్కు: అరకు చలిలో మా అత్తగారి పొయ్యి చక్కగా లాగుతుంది. విశాఖలో గొట్టంలోని గాలికీ బయటి గాలికీ వేడిలో తేడా తక్కువ, కాబట్టి రాజేసేటప్పుడు మొరాయిస్తుంది. పైగా ఇంటి గాలి పైకి పోతుంటే, ఆ లోటు తీర్చుకోవడానికి సెల్లార్ బయటి గాలిని గొట్టంలోంచి కిందికి పీల్చుకుంటుంది.

తాపీ_పనివాడు
అల్లుడుగారూ, కట్టెలు ఏవి? సరుగుడు మాత్రం పచ్చిది కొనకండి. అడితిలో ఎండిందే అంటారు, రెండు కర్రలు కొట్టి చూస్తే మొద్దుగా చప్పుడొస్తుంది. అది కాలిస్తే గొట్టం లోపల తారు పేరుకుని, ఒకరోజు అదే అంటుకుంటుంది.

గాజువాక_గీజరు
నీలగిరి కర్రో?

సీతమ్మధార_కొండవాలు
స్కూటర్లు రెండు ఉన్నాయి లక్ష్మిగారూ, అవి వీధిలోకి మారుస్తాను. గాలి కిందికి వస్తుందో పైకి పోతుందో ముందే తెలుసుకునే మార్గం ఉందా?

అరకు_అల్లుడు
ఉంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, చల్లటి పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పెట్టండి. పొగ లోపలికి పోతే పరవాలేదు. మీ ముఖం మీదికి వస్తే, ఆ సెల్లార్‌లో పొయ్యి ఆలోచన మానుకుని పెరట్లో రేకుల పాక వేయండి.

ఉక్కునగరం_విశ్రాంత
పాకకు కూడా 316.