ప్రోటోటైప్ ల్యాప్‌టాప్: కెపాసిటర్లు మార్చాలా, ముట్టుకోకుండా దాచాలా?

పాతబోర్డు: 1990 ప్రాంతంలో తయారైన ఒక ల్యాప్‌టాప్ ప్రోటోటైప్ నా చేతికి వచ్చింది. మార్కెట్లోకి రానే రాని మోడల్. పేరు ఉండాల్సిన చోట పెన్నుతో రాసిన ఒక నంబరు, మదర్‌బోర్డు మీద చేత్తో అతికించిన సన్నటి నీలం వైర్లు పదకొండు. విప్పి చూస్తే కెపాసిటర్ల (ఛార్జ్‌ను కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) చుట్టూ జిడ్డు తడి, పక్కన సోల్డర్ మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. ఇంకా పవర్ ఇవ్వలేదు. కెపాసిటర్లు మార్చి దీన్ని బతికించాలని నా ఆశ. ముట్టుకుంటే దాని విలువే పోతుందని నా స్నేహితుడు గట్టిగా అంటున్నాడు. మీరేమంటారు?

యథాతథం: మీ స్నేహితుడి మాటే నాదీ. షాపులో అమ్మిన మోడల్ అయితే మార్చేయమని నేనే అనేవాణ్ణి, ఒకటి పాడైనా అలాంటివి వేలల్లో ఉంటాయి. ప్రోటోటైప్ సంగతి వేరు. జిరాక్స్ కంపెనీ చేసిన పోర్టబుల్ కంప్యూటర్ నోట్‌టేకర్‌నే తీసుకోండి, 1978 నాటిది, తయారైనవే పది వరకు. ఇలాంటి వాటిలో ప్రతి విడిభాగమూ ఆ రోజు ఇంజనీర్లు ఏం ఆలోచించారో చెబుతుంది. 47 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) వేయాల్సిన చోట 22 పెట్టి చూసి ఉండొచ్చు. మీరు ‘సరైనది’ వేసేస్తే ఆ ప్రయోగం చెరిగిపోయినట్టే. బ్యాటరీ తీసేసి, ఫోటోలు తీసి, పొడిగా ఉన్న చోట దాచండి.

సోల్డర్‌చేయి: యథాతథం గారూ, దాచిపెడితే అది అలాగే ఉంటుందన్న నమ్మకంతోనే నా పేచీ. కెపాసిటర్ల నుంచి కారిన ద్రవం పెట్టెలో పెట్టినా తన పని మానదు. రాగి ట్రాకులను తింటుంది, చిప్పుల కాళ్ల కిందికి పాకుతుంది. పదేళ్ల తర్వాత తీసి చూస్తే ఆ నీలం వైర్లు అంటుకునే ప్యాడ్లే లేచిపోయి ఉంటాయి. మరి అప్పుడు సాక్ష్యం ఎక్కడిది?

స్క్రీన్ కూడా ఒకసారి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే పోలరైజర్ పొర, అంటే స్క్రీన్ మీద కాంతిని వడకట్టే పల్చటి పొర, పాడవుతున్నట్టు. అందులోని సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే పొరను మరింత వేగంగా చెడగొడుతుంది. గాలి ఆడని పెట్టెలో ఇంకా ఘోరం.

22 వేసి ఉంటే మీరూ 22 వేయండి. తీసిన ప్రతిదాన్నీ విడి కవర్లో వేసి, బోర్డు మీద దాని పక్కనున్న గుర్తు రాసి, యంత్రంతో పాటే ఉంచండి. కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వాళ్లు 1959లో మొదలైన పీడీపీ-1 మోడల్ పాత కంప్యూటర్ ఒకదాన్ని బాగుచేసి సందర్శకుల ముందు నడిపిస్తున్నారు కదా.

యథాతథం: పీడీపీ-1లు యాభై వరకు తయారయ్యాయి, ఆ పోలిక కుదరదు. కానీ ద్రవం గురించి మీరన్నది కాదనలేను.

క్వార్ట్జ్‌కిటికీ: అందరూ కెపాసిటర్ల దగ్గరే ఆగిపోయారు, నాకు టెన్షన్ అంతా ఈప్రామ్ చిప్పుల గురించే, అంటే కోడ్ దాచుకునే, అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాయగలిగే మెమరీ చిప్పులు. కోడ్ తరచూ మారుతుంటుంది కాబట్టి ప్రోటోటైపుల్లో ఎక్కువగా ఇవే వాడేవారు. పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది, దాని మీద స్టిక్కర్. ఇన్నేళ్లకు జిగురు ఎండి స్టిక్కర్ ఊడితే నేరుగా ఎండలో వారం, ట్యూబ్‌లైట్ కింద సుమారు మూడేళ్లు చాలు లోపలిదంతా చెరిగిపోవడానికి. ఆ కోడ్ ఇంకెక్కడా ఉండకపోవచ్చు. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకముందే చిప్పులు తీసి రీడర్‌లో చదవండి. మూడుసార్లు చదివి పోల్చండి. తేడా వస్తే 5 వోల్టులకు బదులు 4.5 దగ్గర చదవండి, చిప్పులో ఛార్జ్ తగ్గిన మెమరీ సెల్స్ అక్కడ సరిగ్గా వచ్చే అవకాశం ఉంటుంది.

ఇంకోటి. ఇలాంటి బోర్డునే నేను ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. జిడ్డుతో పాటు మూల మీద మార్కర్‌తో ఎవరో రాసిన తేదీ, రెండు పొడి అక్షరాలు కూడా దూదికి నల్లగా అంటుకుని వచ్చేశాయి. ఫోటో లేదు. ఆ తేదీ ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నాకు అదే బాధ. చేతిరాత ఉన్న ప్రతి చోటా ముందు దగ్గర నుంచి ఫోటో తీయండి, తర్వాత ఆ చోటును వదిలేసి తుడవండి.

సోల్డర్‌చేయి: ఇది నేను ముందే చెప్పాల్సింది. పాతబోర్డు గారూ, ఆయన చెప్పిన వరసలోనే చేయండి.

పాతబోర్డు: నిన్న రాత్రంతా దీని మీదే కూర్చున్నాను. రెండు ఈప్రామ్‌లలో ఒకటి మూడుసార్లూ ఒకేలా వచ్చింది. రెండోదాని స్టిక్కర్ ఒక అంచున లేచి ఉంది, 5 వోల్టుల దగ్గర ప్రతిసారీ ఏదో ఒక బైట్ మారింది. 4.5 దగ్గర ఐదుసార్లు చదివితే ఐదూ ఒకటే. స్టిక్కర్ మీద కొత్త అల్యూమినియం టేపు వేశాను, పాతదాన్ని కదిలించలేదు. స్క్రీన్‌కు వాసన లేదు. కారిన కెపాసిటర్లు తొమ్మిది, వాటినే మారుస్తాను, మిగతావి వదిలేస్తాను. పవర్ మాత్రం ఇప్పుడే ఇవ్వను.

యథాతథం: పవర్ ఇవ్వకపోవడమే నాకు కావాల్సింది. ఆ తొమ్మిదింటి విలువలు రాసి ఇక్కడ పెట్టండి. 22 ఎక్కడుందో చూద్దాం.