రాజులున్న ప్రజాస్వామ్య దేశాల్లో ఉంటున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

సందేహి:
మా అక్క కెనడా పౌరసత్వం తీసుకుంటుంటే ఆన్‌లైన్‌లో చూశాను. రాజు మూడవ చార్లెస్‌కూ ఆయన వారసులకూ విధేయులమై ఉంటామని అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేశారు. ఓటుతో ప్రభుత్వాన్నే దించగలిగిన దేశం, పుట్టుకతో వచ్చిన పదవికి విధేయత ఎందుకు కోరుతుందో నాకు మింగుడుపడలేదు. చదువుకో ఉద్యోగానికో అలాంటి దేశాలకు వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. రాజు ఉన్నాడన్న సంగతి మీకు ఎక్కడ తగిలింది? ఈ సింహాసనాలు ఇంకో రెండు తరాలు నిలుస్తాయంటారా? పెళ్లిళ్లు, నగలు, అలకల కబుర్లు వద్దు. అధికారం గురించి మాట్లాడుకుందాం.

వలసపక్షి:
ఆ ప్రమాణం నేనూ చేశానండి, మనసు చివుక్కుమంటూనే. ఇదే ప్రమాణం మీద కొందరు కోర్టుకు వెళ్తే, 2014లో ఒంటారియో అప్పీలు కోర్టు ఆసక్తికరమైన తీర్పిచ్చింది. విధేయత అప్పటి రాణి ఎలిజబెత్ అనే మనిషికి కాదు, కెనడా పాలనా వ్యవస్థకు అంది. పౌరసత్వం వచ్చాక రాజరికాన్ని బాహాటంగా వ్యతిరేకించే హక్కు మీకు ఉండనే ఉంటుందని కూడా అంది. ఆస్ట్రేలియాకూ రాజు చార్లెసే, కానీ అక్కడ 1994 నుంచి పౌరసత్వ ప్రమాణంలో రాజు ఊసే లేదు. దేశానికీ ప్రజలకూ విధేయత చూపిస్తే చాలు. నాకు అది సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఇక రద్దు మాట. కెనడాలో రాజ పదవిని తీసేయాలంటే పార్లమెంటుతో పాటు పది ప్రావిన్సుల శాసనసభలూ ఒప్పుకోవాలి. ఆ పదింటినీ ఒక్క తాటి మీదికి తేవడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ రాజు నిలబడటానికి జనాభిమానం కంటే ఈ తాళమే పెద్ద కారణం.

తూనీగ:
స్టాక్‌హోమ్‌లో ఉంటాను. స్వీడన్ రాజు చట్టాల మీద సంతకం పెట్టడు, ప్రధానిని పిలవడు. 1974 రాజ్యాంగం ఆ పనులన్నీ ఆయన చేతిలోంచి తీసేసింది. ప్రధానిగా ఎవరిని ప్రతిపాదించాలో స్పీకర్ చూస్తారు, పార్లమెంటు ఓటు వేస్తుంది. వారసత్వం కూడా సభే మార్చింది. 1980 నుంచి ఆడైనా మగైనా మొదటి బిడ్డకే సింహాసనం అన్నారు. అప్పటికే పుట్టి, యువరాజుగా ఉన్న కార్ల్ ఫిలిప్‌కు ఆ హోదా పోయి అక్క విక్టోరియాకు వచ్చింది. రాజుకు అది నచ్చలేదు, ఆ మాట పైకే చెప్పాడు. అయినా చట్టం చట్టమే. ఇక్కడ పన్నులు కట్టి బతుకుతూ రాజు గురించి ఆలోచించాల్సిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు.

పాత పుస్తకం:
తూనీగ గారూ, బ్రిటన్ అలా కాదు. 2019లో నేను లండన్‌లో పనిచేసేవాణ్ని. బ్రెగ్జిట్ గొడవ నడుమ ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును అయిదు వారాలు మూసేయమని రాణికి సలహా ఇచ్చాడు. ఆవిడ ఒప్పుకున్నారు. సంప్రదాయం ప్రకారం ఒప్పుకోక తప్పదు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో అది చెల్లదన్నారు. మర్నాడే సభ కూర్చుంది.

ఆఫీసులో ఆ తీర్పు వింటూ నేను అనుకున్నది ఇది: రాజరికం ప్రజాస్వామ్యానికి కాపలా అంటారే, ఆ కాపలా అవసరమైన రోజున పనిచేసింది కోర్టు. రాణి తప్పేమీ లేదు. ఆవిడ కాదని ఉంటే ఎన్నిక కాని మనిషి ప్రధానిని అడ్డుకున్నట్టయ్యేది. అవునన్నారు కాబట్టి చట్టవిరుద్ధమైన పనికి ఆవిడ ఆమోదముద్ర పడింది. ఎటు నడిచినా ఇరుకే. ఇది మనుషుల లోపం కాదు, ఆ పదవిని అలా కట్టారు.

పైకి కనిపించనిది ఇంకొకటుంది. రాజకుటుంబ ప్రయోజనాలను తాకే బిల్లు ఏదైనా సభ ఆమోదించేలోగా రాజు సమ్మతి తీసుకోవాలి. చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు మంత్రులకు రాసిన ఉత్తరాలు బయటపెట్టించడానికి ఒక పత్రిక పదేళ్లు పోరాడింది. 2015లో అవి వెలుగు చూశాయి. ఆలోపే సమాచార హక్కు చట్టాన్ని సవరించి, రాజుతోనూ యువరాజుతోనూ జరిగే ఉత్తర ప్రత్యుత్తరాలకు పూర్తి మినహాయింపు ఇచ్చేశారు. దాచిపెట్టే అధికారం ఎంత చిన్నదైనా నాకు భయమే.

సందేహి:
చాలా థాంక్స్ అండి. రాజు వల్ల నిజంగా పని జరిగిన చోటు ఎవరైనా చూశారా?

పగటిచుక్క:
నేను చూశాను. 2022 నవంబరులో మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో ఉన్నాను. పార్లమెంటు ఎన్నికల్లో 222 స్థానాలకు గాను ఏ కూటమికీ మెజారిటీ రాలేదు. అయిదు రోజులు ప్రభుత్వం లేదు, పుకార్లు మాత్రం గంటకొకటి. అక్కడి రాజును అగోంగ్ అంటారు. తొమ్మిది రాష్ట్రాల సుల్తానులు అయిదేళ్ల చొప్పున వంతులవారీగా ఆ పదవిలో కూర్చుంటారు. అప్పటి అగోంగ్ సుల్తాన్ అబ్దుల్లా నాయకులను పిలిచి మాట్లాడారు, తోటి సుల్తానులను సంప్రదించారు, 24న అన్వర్ ఇబ్రహీంను ప్రధానిని చేశారు. నా చుట్టూ ఉన్న చైనీయులూ తమిళులూ మలయ్‌లూ హమ్మయ్య అనుకున్నారు. డిసెంబరులో సభలో విశ్వాస ఓటు కూడా నెగ్గింది కాబట్టి ఆ నిర్ణయం నిలబడింది.

పాత పుస్తకం:
అదే తీర్పరి పని ఎన్నికైన అధ్యక్షుడు చేయలేడా? జర్మనీలో, ఐర్లండ్‌లో అధికారం పెద్దగా లేని అధ్యక్షులున్నారు, ఏ లోటూ రాలేదు.

పగటిచుక్క:
చేయగలడు, కాదనను. కానీ 1981 ఫిబ్రవరి 23 రాత్రి స్పెయిన్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. సాయుధులు పార్లమెంటులోకి చొరబడి సభ్యులను బందీలుగా పెట్టుకున్నారు. అర్ధరాత్రి దాటాక రాజు హువాన్ కార్లోస్ సైనిక దుస్తుల్లో టీవీలో కనిపించి రాజ్యాంగం వైపు నిలబడ్డాడు. సైన్యాధికారులు ఆయన మాట విన్నారు. కొత్తగా పుట్టిన ప్రజాస్వామ్యంలో అధ్యక్షుడి మాట అంత చెల్లేదా అన్నది నా అనుమానం. అదే రాజు తర్వాత డబ్బు వ్యవహారాల ఆరోపణల్లో చిక్కి, 2014లో గద్దె దిగి, 2020లో దేశం విడిచి అబుదాబి వెళ్లిపోవడం చూస్తే బాధేస్తుంది.

నిశాచరి:
సైన్యం రాజు మాట వింటుంది అనగానే నాకు గుండె ఝల్లుమంటుంది. 2005 ఫిబ్రవరి 1న నేను కాఠ్‌మాండూలో ఉన్నాను. రాజు జ్ఞానేంద్ర టీవీలో మాట్లాడి ప్రభుత్వాన్ని రద్దు చేశాడు. ఫోన్లు పనిచేయడం ఆగిపోయాయి, ఇంటర్నెట్ లేదు, నాయకులు గృహనిర్బంధంలో. మా ఇంటికి క్షేమంగా ఉన్నానని చెప్పే దారి లేదు. 1990 రాజ్యాంగం నేపాల్ రాజును రాజ్యాంగబద్ధమైన రాజును చేసింది, నిజమే. సైన్యం విధేయత మాత్రం రాజభవనం దగ్గరే ఉండిపోయింది. స్పెయిన్‌ను కాపాడిందీ నేపాల్‌ను ముంచిందీ ఒకే బలం. ఆ బలం మంచివాడి చేతిలో పడుతుందన్న నమ్మకం మీద దేశాన్ని నడపకూడదు.

2006లో జనం వీధుల్లోకి వచ్చి ఆయన్ను వంచారు, 2008 మే 28న గణతంత్రం ప్రకటించారు. ఆ తర్వాత పదికి పైగా ప్రభుత్వాలు మారాయి. 2025 మార్చిలో రాజు మళ్లీ రావాలని ఊరేగింపులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అక్కడి స్నేహితులతో మాట్లాడితే, రాజు మీద ప్రేమ కంటే పార్టీల మీద విసుగే వినిపించింది. సెప్టెంబరులో యువత తిరగబడి ప్రభుత్వం కూలినప్పుడు, ఆపద్ధర్మ ప్రధానిగా మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీని నియమించింది అధ్యక్షుడే. రాజు లేకుండానే ఆ గండం దాటారు.

పేరు చెప్పలేను:
బ్యాంకాక్‌లో ఉంటాను కాబట్టి క్లుప్తంగా. ఈ చర్చ నేను ఇక్కడ నా పేరుతో చేయలేను. శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద రాజును అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఆ సెక్షన్‌ను సవరిస్తామన్న మూవ్ ఫార్వర్డ్ పార్టీకి 2023 ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ స్థానాలు వచ్చాయి. 2024 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పార్టీనే రద్దు చేసింది. రాజు గురించి వాదించుకోగలిగే దేశంలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

తుమ్మెద:
జపాన్ సంగతి వేరు. చక్రవర్తికి రాజకీయ అధికారం సున్నా, 1947 రాజ్యాంగం ఆయన్ను దేశానికీ ప్రజల ఐక్యతకూ చిహ్నం అంది. కానీ వార్డు ఆఫీసు ఫారాల్లో సంవత్సరం రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన ఎదురవుతాడు, ఏళ్లను చక్రవర్తి పాలనా శకంతో లెక్కిస్తారు కాబట్టి. 2019 మే 1న నరుహితో గద్దెనెక్కగానే రేవా శకం మొదలైంది, ఫారాలూ మారాయి. అక్కడి గండం వారసులది. మగవాళ్లకే సింహాసనం, కుటుంబం బయట పెళ్లి చేసుకున్న ఆడపిల్ల రాజవంశంలోంచి తప్పుకోవాలి. చక్రవర్తి తమ్ముడి కూతురు మాకో 2021లో అలాగే వెళ్లిపోయింది. చక్రవర్తికి ఒక్కతే కూతురు ఐకో, ఆమెకు అర్హత లేదు. తర్వాతి తరంలో మిగిలింది చక్రవర్తి తమ్ముడి కొడుకు, 2006లో పుట్టిన హిసహితో ఒక్కడే. జపాన్ సింహాసనం ఉండాలో వద్దో తేల్చేది గణతంత్రవాదులు కారు, ఆ నిబంధనే తేలుస్తుంది. నా జపనీస్ సహోద్యోగుల్లో చాలామంది ఐకోకు ఇవ్వాలనే అంటారు. పార్లమెంటే ఏళ్ల తరబడి నానుస్తోంది.

నిశాచరి:
తుమ్మెద గారూ, నిబంధన అంటే భూటాన్ చూడండి. 2008 రాజ్యాంగం ప్రకారం రాజుకు 65 ఏళ్లు నిండితే దిగిపోవాలి. రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే పార్లమెంటు తీర్మానం, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా దించనూవచ్చు. ఇవన్నీ రాజు చొరవతో వచ్చినవే. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆచరణలో రాజభవనం మాట ఇంకా ఎంత నడుస్తోందో రాయండి, నాకు తెలుసుకోవాలనుంది.