చెల్లింపు ఖాయం చేసే చోట ఫోను పక్కవారికి ఇవ్వవలసి వస్తోంది: చూపు లేని మాకు దారి ఏమిటి?

ప్రశ్న: గౌతమీతీరం, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఒక జూనియర్ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. తెర మీద ఉన్నదానిని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వాడుతున్నాను: ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటరులో ఎన్‌వీడీఏ. కష్టం చెప్పుకునే ముందు ఫోను చెల్లింపుల వల్ల నాకు కలిగిన మేలు చెప్పడం న్యాయమనిపిస్తోంది.

2016 నుంచి వచ్చిన వంద, రెండు వందలు, ఐదు వందల నోట్లకు వెడల్పు ఒక్కటే. పొడవులో ఒకదానికీ తరువాతిదానికీ మధ్య తేడా 4 మిల్లీమీటర్లే ఉంటుంది. పాత నోట్లను వేళ్ళ మధ్య కొలిచి గుర్తుపట్టే అలవాటు దీనితో పనికిరాకుండా పోయింది. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన 'మణి' యాప్ నోటు విలువను పలుకుతుంది గానీ, వెనక నలుగురు నిలబడి ఉన్న కిరాణా కొట్టులో ఒక్కొక్క నోటునూ కెమెరా ముందు పట్టి చూసుకోవడం అయ్యే పని కాదు. యూపీఐ వచ్చాక కొట్టు యజమాని నంబరుకు నేనే డబ్బు పంపుతున్నాను. ఎన్ని రూపాయలు అందాయో కౌంటరు మీది స్పీకరు పెట్టె తెలుగులో పైకే చెబుతుంది. ఆ ఒక్క మాటతో ఆయనకూ నాకూ ఒకేసారి లెక్క తేలిపోతుంది.

ఇప్పుడు ఆ వెసులుబాటే చేజారుతోంది. నా బ్యాంకు యాప్ కొత్త రూపంలోకి మారిన తరువాత, తెర మీద వేలు ఎక్కడ పెట్టినా టాక్‌బ్యాక్ 'బటన్' అంటుందే తప్ప అది ఏ బటనో చెప్పడం లేదు. చెల్లింపు ఖాయం చేయడానికి నొక్కే బటన్ తీసివేసి, పక్కకు జరపవలసిన పట్టీ పెట్టారు. కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే ప్రక్రియ, పునరుద్ధరణ కోసం ముఖాన్ని ఒక వలయంలో ఉంచి కళ్ళు ఆర్పమంటున్నారు. వలయం ఎక్కడుందో నాకు కనబడదు, నా కనురెప్పల కదలికను ఆ కెమెరా గుర్తించదు. చివరకు ఫోనును పక్కింటి కుర్రవాడి చేతికి ఇవ్వవలసి వస్తోంది. అతడు మంచివాడే. అయినా నా జీతం, నా అప్పు, నా రహస్య సంఖ్య మరొకరికి తెలియకుండా ఉండాలనే కదా నేను ఇవన్నీ నేర్చుకున్నది? దీనికి చట్టంలో ఆధారం ఉన్నదా, ఫిర్యాదు ఎలా చేస్తే ఫలితం ఉంటుంది, ఈలోగా పని ఎలా జరుపుకోవాలి అన్నవి తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు: శ్రుతిలేఖ, హైదరాబాద్

గౌతమీతీరం గారూ, నేను చూపు లేని విద్యార్థులకు కంప్యూటరు నేర్పుతుంటాను. ముందుగా వెంటనే ఉపయోగపడే మాటలు చెబుతాను. పక్కకు జరిపే పట్టీ మీద రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా అలాగే ఉంచి జరిపితే, చాలా యాప్‌లలో ఆ కదలికను టాక్‌బ్యాక్ అడ్డుకోకుండా యాప్‌కే వదిలేస్తుంది. పేరు లేని బటన్‌కు టాక్‌బ్యాక్ మెనూ నుంచి మీరే ఒక పేరు పెట్టుకునే వీలు కొన్నిచోట్ల ఉంది. ఎవరైనా నమ్మకస్తులు ఒక్కసారి పక్కన కూర్చొని ఏది ఏమిటో చెబితే, ఆ తరువాత వారి అవసరం ఉండదు. రహస్య సంఖ్య కొట్టేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోను తప్పనిసరి.

మీరు ప్రస్తావించని మరొక అడ్డంకి తెలుగు పత్రాలది. ఉత్తర్వులు, దరఖాస్తు సూచనలు, పరీక్షల ప్రకటనలు చాలాభాగం కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మలుగానే వెబ్‌సైట్లలో ఉంటాయి. బొమ్మలో అక్షరాలు ఉన్నాయని స్క్రీన్ రీడర్‌కు తెలియదు. స్కాన్ చేయనివాటిలో కూడా 'అను' వంటి పాత ఫాంట్లతో కూర్చినవి ఎన్నో. అచ్చులో అవి ముచ్చటగానే కనిపిస్తాయి, కానీ లోపల నిల్వ ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు, ఆంగ్ల అక్షరాలు, గుర్తులు. అందువల్ల 'దరఖాస్తు' అని ఉన్నచోట స్క్రీన్ రీడర్ అర్థంలేని ఆంగ్ల అక్షరాలను వరసగా చదువుకుంటూ పోతుంది. నా విద్యార్థి ఒకరు ఉద్యోగ ప్రకటన విడుదలైన నాడే దానిని తెరిచినా, అందులోని అర్హతలు ఏమిటో తెలుసుకోవడానికి చూపున్న స్నేహితుడు ఊరి నుంచి తిరిగి వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అదే పత్రాన్ని తెలుగు అక్షరాలను తెలుగు సంకేతాలతోనే నిల్వచేసే యూనికోడ్‌లో కూర్చి ఉంటే ఖర్చేమీ పెరిగేది కాదు. ఈ విషయంలో నాకు ఓపిక తగ్గిపోతున్న మాట నిజం.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

అయ్యా, చట్టం మీ పక్షాన స్పష్టంగానే ఉంది. చూపు లేని ఖాతాదారులకు చెక్కుబుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, లాకరు వంటివన్నీ ఏ వివక్షా లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008లోనే ఆదేశించింది. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఏటీఎంలన్నీ మాట్లాడేవి, బ్రెయిలీ మీటలు ఉన్నవి కావాలన్నది. 70 ఏళ్ళు దాటినవారికీ, చూపు లేనివారితో సహా వికలాంగులకూ ఇంటివద్దనే కనీస బ్యాంకు సేవలు అందించాలని 2017 నవంబరులో చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షను సమాచార, సాంకేతిక సేవల అందుబాటు గురించే. ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, తరువాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా వేయవచ్చునని 89వ సెక్షను చెబుతున్నది.

మీ కేవైసీ కష్టం సరిగ్గా సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళినదే. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ గారు కనురెప్పలు ఆర్పలేని కారణంగానూ, చూపు లేని అమర్ జైన్ గారు సెల్ఫీ వంటి దశలను సొంతంగా దాటలేని కారణంగానూ వేసిన వ్యాజ్యాలను కలిపి విచారించి, 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చారు. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని అందులో అన్నారు. మనిషి ఎదుట ఉన్నాడని నిర్ధారించుకోవడానికి కళ్ళు ఆర్పడం ఒక్కటే మార్గం కారాదనీ, యాప్‌లను నిపుణులచేత క్రమం తప్పకుండా తనిఖీ చేయించాలనీ ఆదేశించారు.

కనుక శాఖ మేనేజరుకు నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. ఈ తీర్పు తేదీని ఉటంకిస్తూ లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు కూడా ఒక ప్రతి పంపండి. ఈలోగా మీ కేవైసీని శాఖలోనే నేరుగా పత్రాలతో పూర్తి చేయించుకోవచ్చు. యాప్‌లోనే చేయాలని ఎవరైనా పట్టుబడితే ఆ మాటను కాగితం మీద రాసి ఇమ్మని అడగండి.

జవాబు: పాలమూరు ఆడబిడ్డ

అన్నా, మీ ప్రశ్న చదువుతుంటే మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమెకు చూపు బాగానే ఉంది. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసిన చేతులు కావడంతో వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం ఎన్నిసార్లు పెట్టినా ఒప్పుకోదు. మా ఊరి రేషన్ దుకాణంలో కనుపాప చూసే యంత్రం ఉండటంతో అక్కడ గండం గడిచింది. మిగిలినచోట్ల ఓటీపీ కావాలంటారు. అమ్మ ఆధార్‌కు ఉన్నది బెంగళూరులో పనిచేసే మా తమ్ముడి నంబరు. వాడు డ్యూటీలో ఫోను చూసుకునేలోగా గడువు అయిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆధార్‌లో అమ్మ సొంత నంబరు చేర్పించాము. బటన్ల ఫోనైనా సరే, తన నంబరు తన పేరు మీద ఉండాలని ఊళ్ళో అందరికీ చెబుతున్నాను. అలాంటి ఫోనుల నుంచి డబ్బు పంపడానికి 2022లో వచ్చిన యూపీఐ 123పే కూడా ఉంది గానీ, దాని పేరు విన్నవారు మా ఊళ్ళో నాకు కనబడలేదు. మా పెదనాన్నకు మాత్రం, పింఛనుదారు బతికే ఉన్నారని చూపే జీవన ప్రమాణ పత్రం ముఖం చూసే పద్ధతిలో ఇంటి దగ్గరే అయింది. నడవలేని మనిషికి అది ఎంత మేలో మేము కళ్ళారా చూశాము.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. పట్టీ విషయంలో శ్రుతిలేఖ గారు చెప్పిన పద్ధతి పనిచేసింది. శాఖకు లేఖ సిద్ధం చేస్తున్నాను. అయితే మరొక సందేహం. వేరొక చెల్లింపుల యాప్ తెరవగానే, నా ఫోనులో ప్రమాదకరమైన అనుమతి ఆన్‌లో ఉందని, దానిని ఆపితేనే ముందుకు వెళ్ళనిస్తామని చెబుతోంది. అది చూపిస్తున్నది టాక్‌బ్యాక్‌నే. దానిని ఆపితే నేను అసలు ఫోనే వాడలేను కదా?

జవాబు: యాప్ తయారీదారు, బెంగళూరు

మీకు ఎదురైనది మా వృత్తిలో తరచుగా జరిగే అన్యాయం. మోసగాళ్ళు బాధితుల చేత యాక్సెసిబిలిటీ అనుమతి (టాక్‌బ్యాక్ వంటివి తెరను చదవడానికి ఫోను ఇచ్చే అనుమతి) ఇప్పించుకుని, దాని ద్వారా తెరను చదివి డబ్బు కాజేస్తున్నారు. అందుకని కొన్ని సంస్థలు ఆ అనుమతి ఉన్న ప్రతి ఫోనునూ అనుమానిస్తున్నాయి. టాక్‌బ్యాక్ వంటి తెలిసిన స్క్రీన్ రీడర్‌ను పేరుతో గుర్తించి మినహాయించడం సాధ్యమే. ఆ మినహాయింపు రాయకపోవడం నిర్లక్ష్యమే తప్ప భద్రత కాదని నా అభిప్రాయం. పేరు లేని బటన్ల సంగతీ అంతే. ఒక్కొక్క బటన్‌కు ఒక వరుస వివరణ రాస్తే సరిపోతుంది. యాప్‌ను పరీక్షించేవారిలో కళ్ళు మూసుకుని వాడి చూసేవారు ఎవరూ లేకపోవడం వల్లనే అది తప్పిపోతుంది.

మీ ఫిర్యాదు ఆ కోడ్ రాసినవారి బల్ల దాకా చేరాలంటే 'యాప్ పనిచేయడం లేదు' అన్న మాట సరిపోదు. యాప్ వెర్షను సంఖ్య, ఆండ్రాయిడ్ వెర్షను, ఏ తెరలో ఎన్నవ అంశం మీద టాక్‌బ్యాక్ ఏమని పలికింది, అక్కడ ఏమని పలకాలి అన్నవి రాయండి. బ్యాంకు యాప్‌లు తెర రికార్డింగ్‌ను సాధారణంగా అడ్డుకుంటాయి కనుక, మరో ఫోనును పక్కన పెట్టి టాక్‌బ్యాక్ గొంతును రికార్డు చేసి లేఖకు జతచేయండి. రహస్య సంఖ్య కొట్టే దశకు ముందే రికార్డింగ్ ఆపడం మరువకండి. లేఖ ముసాయిదాను ఇక్కడ పెడితే సాంకేతిక భాగం నేను సరిచూసి ఇస్తాను.