పాత పడవ మోటారు వేడెక్కాక సెల్ఫ్ తీసుకోవడం లేదు, సాయం చేయండి

మాది కడప జిల్లా, మైలవరం జలాశయంలో చేపల వేట. పడవకు వెనుక బిగించే పాత టూ స్ట్రోక్ మోటారు ఉంది, సెల్ఫ్ స్టార్ట్‌ది. ఉదయం తాళం తిప్పగానే అందుకుంటుంది. కాసేపు నడిపి వల దగ్గర ఆపితే మాత్రం సోలినాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు పంపే స్విచ్) టక్‌మంటుంది, స్టార్టర్ తిరగదు. తాడు లాగితే వెంటనే నడుస్తుంది కాబట్టి ప్లగ్గులు, పెట్రోలు బాగున్నట్టే. టక్‌మంటోంది కనుక న్యూట్రల్ స్విచ్‌నూ (గేరులో ఉంటే స్టార్ట్ కానివ్వనిది) అనుమానించడం లేదు.

మల్టీమీటర్‌తో చూశాను. బ్యాటరీ 12.6 వోల్టులు; తాళం తిప్పి పట్టుకున్నా 12 కిందికి దిగదు. ఆ సమయంలోనే సోలినాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య 0.2 మాత్రమే. కానీ బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజిన్ బాడీకి కొలిస్తే దాదాపు 4 వోల్టులు! అర వోల్టు దాటకూడదు కదా. ఆ నెగెటివ్ తీగ బోల్టులు విప్పి, గీకి శుభ్రం చేసి బిగించినా తేడా లేదు. తీగ పైకి బాగానే ఉంది, లోపల రాగి నల్లబడిందేమోనని నా అనుమానం.

మూడు మీటర్ల ఆ తీగకు బదులు వెల్డింగ్ కేబుల్ వాడవచ్చా? ఎంత మందం కావాలి? లగ్గును (తీగ చివర బోల్టుకు తగిలించే లోహపు ముక్కను) నొక్కి బిగిస్తే చాలా, టంకం కూడా వేయాలా? పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంది, నిప్పురవ్వలంటే భయం. మధ్యాహ్నం గాలి లేస్తే నాన్న ఒక్కరే తాడు లాగలేరు. ఇన్నాళ్లూ తక్కువ వోల్టేజీతో తిప్పినందుకు స్టార్టర్ బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) కూడా విప్పి చూడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.